వాసన ఎలా తెలుస్తుందో అర్థం కావాలంటే, ముక్కులో తలుపులు తెరుచుకునే వరసలో చదవండి

వాసన గురించి ఎక్కడ చదివినా ఒకటే కథ. గాల్లో తేలే అణువు ముక్కులోకి వస్తుంది, అణువుని పట్టుకునే రిసెప్టర్ అనే ప్రోటీన్‌కి అతుక్కుంటుంది, మెదడుకి సిగ్నల్ పోతుంది, అయిపోయింది. అతుక్కోవడానికీ సిగ్నల్ పోవడానికీ మధ్యలో ఏం జరిగిందో చెప్పకుండానే పేజీ తిప్పేస్తారు. నాకైతే అసలు కథంతా ఆ మధ్యలోనే ఉందనిపిస్తుంది, ఎందుకంటే పువ్వులోంచి వచ్చిన అణువు మెదడు దాకా ఎప్పటికీ పోదు, అది ముక్కు పైభాగంలో ఉన్న జిగురు పొరలోనే ఆగిపోతుంది, అక్కడి నుంచి ముందుకెళ్ళేది కరెంట్ రూపంలో ఉన్న కబురు మాత్రమే. అణువుని కరెంట్‌గా మార్చే పని అయాన్ ఛానల్ ప్రోటీన్లది, అంటే చార్జ్ ఉన్న అయాన్లు కణం పొర దాటడానికి తెరుచుకుని మూసుకునే తలుపులది.

నేను దీన్ని మొదటిసారి చదివినప్పుడు పేర్లన్నీ బట్టీ పట్టేశాను, సీఎన్‌జీ అంట, ఏఎన్‌ఓ2 అంట, ఎన్‌కేసీసీ1 అంట, క్లోరైడ్ దగ్గరికొచ్చేసరికి మొత్తం గజిబిజి అయిపోయింది, రెండు సార్లు మానేశాను కూడా. తర్వాత పేర్లు పక్కన పెట్టి ప్రతి చోటా మూడే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టా: ఇక్కడ ఏ తలుపు తెరుచుకుంది, దాన్ని తెరిచింది ఎవరు, తెరిచాక ఏది ఎటు పోయి కణం లోపల మైనస్ చార్జ్‌ని తగ్గించింది లేదా పెంచింది. ఇంతే, ఈ మూడు ప్రశ్నలతోనే మొత్తం దారి తేలిపోయింది. మీరూ అలాగే చేయండి, చేతిలో ఒక కాగితం, పెన్సిల్ ఉంటే చాలు, మధ్యమధ్యలో మీ ముక్కు మీదే చేసుకునే చిన్న పరీక్షలు కూడా చెప్తాను.

ముందు కణాన్ని గీయండి

కాగితం మధ్యలో పొడుగ్గా ఒక కణం గీయండి, ఇది వాసన న్యూరాన్, అంటే వాసన పట్టే నరకణం. పై చివర చిన్న బుడిపె పెట్టి, దాని మీంచి సన్నటి వెంట్రుకల్లాంటివి కొన్ని వేలాడేట్టు గీయండి, వాటినే సీలియా అంటారు, ముక్కు లోపలి పైకప్పు దగ్గర ఉండే జిగురులో ఇవి పరుచుకుని ఉంటాయి. కింది చివర నుంచి ఒక తీగ, అదే ఆక్సాన్, పైకి పోయి పుర్రె అడుగున జల్లెడలా చిల్లులున్న ఎముక గుండా దూరి మెదడు ముందు భాగంలో ఉన్న ఆల్‌ఫ్యాక్టరీ బల్బ్‌లో దిగుతుంది. బొమ్మలో కిందికి గీశాం గానీ అసలు ముక్కులో అది పైకే పోతుంది, ఇది గుర్తుంచుకోండి. ఇలాంటి కణాలు మన ముక్కులో లక్షల్లో ఉంటాయి, పైగా ఇవి పాతబడి చచ్చిపోతూ అడుగున ఉన్న మూల కణాల నుంచి కొత్తవి పుడుతూ ఉంటాయి, న్యూరాన్లలో ఇది చాలా అరుదైన సంగతి.

ఇప్పుడు కణం లోపలా బయటా ఏముందో రాయండి. బయట సోడియం ఎక్కువ, కాల్షియం కూడా లోపలికంటే బయటే చాలా ఎక్కువ. లోపల పొటాషియం ఎక్కువ. ఏ వాసనా లేనప్పుడు కణం లోపల బయటికంటే మైనస్‌లో ఉంటుంది, సుమారు మైనస్ 65 మిల్లీవోల్టులు అనుకోండి. క్లోరైడ్ చోట ఖాళీ వదిలేయండి, దానికి తర్వాత విడిగా వద్దాం, అక్కడే కథ మలుపు తిరుగుతుంది.

లోపలి మైనస్ తగ్గితే కణం ఉత్తేజపడుతుంది, మైనస్ ఇంకా పెరిగితే చల్లబడుతుంది. ప్లస్ చార్జ్ లోపలికి వచ్చినా మైనస్ చార్జ్ బయటికి పోయినా ఫలితం ఒకటే, లోపలి మైనస్ తగ్గుతుంది. ఈ ఒక్క వాక్యం కాగితం మూల మీద పెద్దగా రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రిసెప్టర్ తలుపు కాదు, కాలింగ్ బెల్

చాలామంది తడబడేది ఇక్కడే. మన ముక్కులోని వాసన రిసెప్టర్ దానంతట అది ఛానల్ కాదు, దాని గుండా ఏ అయాన్ పోదు. అది కాలింగ్ బెల్ లాంటిది, బయట ఎవరో వచ్చారని లోపలికి చెప్తుంది అంతే, తలుపు తీసేది వేరే వాళ్ళు. ఈ రిసెప్టర్ల జన్యు కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో బయటపెట్టారు, 2004లో దానికి నోబెల్ వచ్చింది. మనుషుల్లో పనిచేసే రిసెప్టర్ జన్యువులు సుమారు 400, చిట్టెలుకల్లో అయితే వెయ్యికి పైనే. ఒక్కో న్యూరాన్ మామూలుగా ఒక్క రకం రిసెప్టర్‌నే వాడుతుంది.

బెల్ మోగాక లోపల జరిగేది ఇది. రిసెప్టర్ కణం లోపల కబురు మోసే ఒక జీ ప్రోటీన్‌ని లేపుతుంది, ముక్కులో ఉండే రకాన్ని జీ ఆల్ఫ్ అంటారు, అది పోయి అడెనైలిల్ సైక్లేజ్ 3 అనే ఎంజైమ్‌ని తడుతుంది, ఆ ఎంజైమ్ కణంలో శక్తిని మోసే ఏటీపీని తీసుకుని సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువుని తయారుచేసి సీలియా లోపల వదులుతుంది. ఇక్కడిదాకా చార్జ్ ఏమీ కదల్లేదు, మైనస్ 65 అలాగే ఉంది, ఒక్క మిల్లీవోల్ట్ కూడా మారలేదు. ఈ సంగతి గమనించండి, ఎందుకంటే పుస్తకాల్లో ఎక్కువ పేజీలు దీనికే పోతాయి, కానీ ఇప్పటిదాకా కణానికి సంబంధించినంతవరకు వాసన ఇంకా రాలేదు.

మొదటి తలుపు: సీఎన్‌జీ ఛానల్

ఇప్పుడు సీలియా పొర మీద ఒక తలుపు గీయండి. దీని పేరు సైక్లిక్ న్యూక్లియోటైడ్ గేటెడ్ ఛానల్, అందరూ సీఎన్‌జీ అనేస్తారు. నాలుగు ప్రోటీన్ ముక్కలు చుట్టూ చేరి మధ్యలో రంధ్రం వచ్చేట్టు కూర్చుంటాయి, అందులో రెండు సీఎన్‌జీఏ2, ఒకటి సీఎన్‌జీఏ4, ఒకటి సీఎన్‌జీబీ1బీ. తాళంచెవి ఎవరంటే సైక్లిక్ ఏఎంపీ, అది లోపలి వైపు నుంచి వచ్చి ఛానల్‌కి అతుక్కుంటుంది, తలుపు తెరుచుకుంటుంది, సోడియం, కాల్షియం రెండూ బయట నుంచి లోపలికి దూకుతాయి. రెండూ ప్లస్ చార్జ్‌లే, కాబట్టి లోపలి మైనస్ తగ్గడం మొదలైంది. చార్జ్ కదిలిన మొదటి క్షణం ఇదే.

ఈ తలుపు ఉందని 1987లో నకమురా, గోల్డ్ అనే ఇద్దరు గోదురు కప్ప సీలియా మీద నేరుగా కరెంట్ కొలిచి చూపించారు. అయితే ఈ తలుపు లేకపోతే ఏమవుతుంది అన్న ప్రశ్నకి గట్టి జవాబు 1996లో వచ్చింది, సీఎన్‌జీఏ2 జన్యువు పనిచేయకుండా చేసిన చిట్టెలుకల్లో రకరకాల వాసనలకి ముక్కు నుంచి కరెంటే రాలేదు, పుట్టిన పిల్లల్లో చాలా వరకు పాలు తాగలేక చచ్చిపోయాయి, ఎందుకంటే పిల్ల ఎలుకకి తల్లి చనుమొన దొరికేది వాసనతోనే. నాకు ఈ ప్రయోగం చదివినప్పుడు మనసు కలుక్కుమంది, ఒక్క ప్రోటీన్ ముక్క తేడా వస్తే ఆకలి తీర్చుకునే దారే మూసుకుపోతుందా అని. మనుషుల్లో కూడా పుట్టుకతోనే వాసన తెలియని కొన్ని కుటుంబాల్లో ఇదే జన్యువులో మార్పులు దొరికాయి, ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది.

కన్ను గురించి ముందే చదివినవాళ్ళకి ఇక్కడ ఒక మంచి పోలిక దొరుకుతుంది. కంట్లోని రాడ్ కణాల్లో కూడా ఇదే కుటుంబం ఛానల్ ఉంది, కానీ అక్కడ చీకట్లో తెరిచి ఉండి వెలుగు పడితే మూసుకుంటుంది, ముక్కులో వాసన లేనప్పుడు మూసి ఉండి వాసన వస్తే తెరుచుకుంటుంది. ఒకే తలుపు, వాడకం తలకిందులు. ఇది పట్టుకుంటే రెండూ మర్చిపోరు.

రెండో తలుపు: క్లోరైడ్, ఇక్కడ నిదానంగా చదవండి

లోపలికి వచ్చిన కాల్షియంకి చార్జ్ మార్చడం ఒక్కటే పని కాదు. అది ఇంకో తలుపుకి తాళంచెవి. సీలియా మీదే కాల్షియం తగిలితే తెరుచుకునే క్లోరైడ్ ఛానల్ ఒకటుంది, దాని ప్రోటీన్ పేరు అనాక్టమిన్ 2, ఇంకో పేరు టీఎంఈఎం16బీ. సీఎన్‌జీ గుండా కాల్షియం వస్తుంది, అది ఈ క్లోరైడ్ తలుపుని తెరుస్తుంది. కప్ప సీలియాలో ఇలాంటి కరెంట్ ఉందని 1991లోనే తెలిసినా, ఆ తలుపు ఏ ప్రోటీన్ అన్నది తేలడానికి 2009 దాకా పట్టింది.

మామూలు న్యూరాన్లలో మనం నేర్చుకున్నదేంటి? క్లోరైడ్ తలుపు తెరిస్తే క్లోరైడ్ లోపలికి వస్తుంది, మైనస్ పెరుగుతుంది, న్యూరాన్ చల్లబడుతుంది. అలాంటప్పుడు వాసన వచ్చినప్పుడు క్లోరైడ్ తలుపు తెరవడమేంటి, ఒక చేత్తో యాక్సిలేటర్ తిప్పుతూ ఇంకో చేత్తో బ్రేక్ పట్టినట్టు ఉంది కదా? నేను రెండు సార్లు మానేసింది సరిగ్గా ఇక్కడే.

చిక్కు విప్పాలంటే ఇందాక ఖాళీ వదిలిన చోటుకి వెళ్ళండి. మామూలు న్యూరాన్ తన లోపల క్లోరైడ్‌ని బాగా తక్కువగా ఉంచుకుంటుంది, వాసన న్యూరాన్ మాత్రం ఎన్‌కేసీసీ1 అనే పంపు లాంటి ప్రోటీన్‌తో క్లోరైడ్‌ని లోపలికి లాగి లాగి నిలవ చేసుకుంటుంది. ఎలుకల్లో కొలిస్తే సీలియా దగ్గర లోపల, బయట జిగురులో రెండు వైపులా సుమారు 50 మిల్లీమోలార్ (గాఢత కొలత) దరిదాపుల్లోనే ఉంది. సమానంగా ఉంటే కదలకూడదు కదా అంటారా? గాఢత పరంగా చూస్తే కదలకూడదు, కానీ లోపల మైనస్ 65 మిల్లీవోల్టులు ఉంది, క్లోరైడ్ కూడా మైనస్, మైనస్‌ని మైనస్ నెడుతుంది, తలుపు తెరవగానే క్లోరైడ్ బయటికి తోసుకుని పోతుంది. మైనస్ బయటికి పోతే లోపలి మైనస్ తగ్గుతుంది. కాగితం మూల మీద రాసిన వాక్యం చూడండి, అదే. యాక్సిలేటరూ బ్రేకూ కాదు, రెండూ యాక్సిలేటర్లే.

బొమ్మలో ఇప్పుడు సీఎన్‌జీ దగ్గర లోపలికి రెండు బాణాలు, సోడియం, కాల్షియం. క్లోరైడ్ తలుపు దగ్గర బయటికి ఒక బాణం. ఆ బాణాన్ని లావుగా గీయండి, ఎందుకంటే ఎలుకల కణాల్లో వాసనకి వచ్చే మొత్తం కరెంట్‌లో పెద్ద భాగం దీనిదే, కొన్ని కొలతల్లో 80 నుంచి 90 శాతం దాకా.

ఇంత వంకర దారి ఎందుకు అని నాకూ అనిపించింది. ఒక జవాబు ఇలా ఉంది: కంట్లో ఒక్క రిసెప్టర్ లేచి చాలా జీ ప్రోటీన్లని వరసగా లేపుతుంది, అందుకే అక్కడే సిగ్నల్ పెద్దదవుతుంది. ముక్కులో వాసన అణువు రిసెప్టర్ మీద మిల్లీసెకను కూడా సరిగ్గా నిలవకుండా జారిపోతుంది, అంత తక్కువ సేపట్లో ఎక్కువ జీ ప్రోటీన్లు లేవవు, కాబట్టి మొదట్లో దొరకని ఆ పెంపు తర్వాత క్లోరైడ్ దగ్గర దొరుకుతుంది. రెండో సంగతి నాకు ఇంకా నచ్చుతుంది. సీలియా పడి ఉండేది కణం చేతిలో లేని జిగురులో, నీళ్ళు తగిలితే అక్కడ సోడియం పలచబడిపోవచ్చు, లోపలికి రావడానికి సోడియం సరిపోకపోవచ్చు. క్లోరైడ్ అయితే కణం ముందుగానే తన దగ్గర దాచుకున్న సరుకు, బయట పరిస్థితి ఎలా ఉన్నా తలుపు తీస్తే పోతుంది. చిన్న బ్యాటరీ జేబులో పెట్టుకుని తిరిగినట్టు.

కానీ ఇక్కడ ఒక జాగ్రత్త, దీన్ని మరీ ఎక్కువ చేసి చెప్పకండి. 2011లో అనాక్టమిన్ 2 లేని చిట్టెలుకల్ని పరీక్షిస్తే అవి వాసన పట్టే పరీక్షల్లో దాదాపు మామూలు ఎలుకల్లాగే చేశాయి, ముక్కు పొర మీద కొలిచిన సిగ్నల్ మాత్రం కొంత తగ్గింది. 2016లో ఇంకో బృందం చూసినప్పుడు ఆ ఎలుకల న్యూరాన్ల స్పైకులు, అంటే మెదడుకి పంపే చిన్న కరెంట్ తట్లు, మారాయని, కొత్త వాసన వెతుక్కుంటూ ఆహారం కనుక్కోవడంలో తేడా ఉందని తేలింది. కాబట్టి సీఎన్‌జీ లేకపోతే వాసన దాదాపు లేనట్టే, క్లోరైడ్ ఛానల్ లేకపోతే వాసన ఉంటుంది గానీ సిగ్నల్ ఆకారం మారుతుంది. రెండిటికీ ఒకే బరువు ఇచ్చి రాస్తే తప్పు.

తలుపులు మూయడం, మీ ముక్కు మీదే చూడండి

తెరవడం ఎంత ముఖ్యమో మూయడం అంతే. ఒక లవంగం గానీ సబ్బు గానీ తీసుకుని ముక్కు కింద పెట్టుకుని మామూలుగా ఊపిరి పీల్చండి, పీల్చిన ప్రతిసారీ వాసన ఎంత ఘాటుగా ఉందో పదికి ఒక మార్కు వేసుకుంటూ పోండి. కాసేపటికే మార్కులు పడిపోతాయి. అప్పుడు వెంటనే వేరే వాసన, కాఫీ పొడి లాంటిది చూడండి, అది బాగానే తెలుస్తుంది. అంటే ముక్కు మొత్తం మొద్దుబారలేదు, ఆ ఒక్క వాసన దారి మాత్రమే తగ్గింది. కాసేపు మంచి గాలి పీల్చి మళ్ళీ లవంగం దగ్గరికి రండి, తిరిగి తెలుస్తుంది.

ఇందులో కొంత మెదడు పని, కొంత ఛానళ్ళ దగ్గర పని, రెండూ కలిసే ఉంటాయి, ఇంట్లో వీటిని విడదీయలేం. ఛానళ్ళ వైపు ఏం జరుగుతుందంటే, లోపలికి వచ్చిన కాల్షియం కాల్మోడ్యులిన్ అనే ప్రోటీన్‌తో చేరుతుంది, ఆ జంట సీఎన్‌జీ ఛానల్‌కి సైక్లిక్ ఏఎంపీ మీద ఉన్న పట్టు సడలిస్తుంది, అప్పుడు అదే తాళంచెవికి తలుపు అంత సులువుగా తెరుచుకోదు. మరోపక్క పీడీఈ ఎంజైమ్‌లు సైక్లిక్ ఏఎంపీని విరగ్గొడతాయి, ఎన్‌సీకేఎక్స్4 అనే మార్పిడి ప్రోటీన్ సోడియంని తీసుకుని కాల్షియంని బయటికి తోస్తుంది, కాల్షియం తగ్గగానే క్లోరైడ్ తలుపు మూసుకుంటుంది. మొదట క్లోరైడ్ తలుపు తెరిచిన కాల్షియమే చివరికి మూసే పని కూడా మొదలుపెట్టింది, చూశారా.

చాలా పుస్తకాల్లో వాసనకి అలవాటు పడటమంతా కాల్మోడ్యులిన్ చేసే పనే అని రాసేస్తారు. 2008లో సీఎన్‌జీ ఛానల్‌లోని సీఎన్‌జీబీ1బీ ముక్కలో కాల్మోడ్యులిన్ అతుక్కునే చోటు తీసేసిన చిట్టెలుకల్ని చూస్తే, సిగ్నల్ ఆగడం ఆలస్యమైంది గానీ వెంటవెంటనే రెండోసారి వాసన ఇస్తే స్పందన తగ్గడంలో అనుకున్నంత తేడా రాలేదు. అందుకే నేను కాల్మోడ్యులిన్‌ని సిగ్నల్‌ని చప్పున ముగించేది అనే చెప్తాను, అలవాటు మొత్తానికి దాన్నే బాధ్యుణ్ణి చేయను.

ఈ అలవాటు పడటంలో ప్రాణాలకి సంబంధించిన విషయం ఒకటుంది, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ చాలా కొద్దిగా ఉన్నా ముక్కుకి తెలిసిపోతుంది, కానీ గాలిలో సుమారు 100 పీపీఎం (పది లక్షల పాళ్ళకి వంద పాళ్ళు) దాటితే వాసన శక్తే మొద్దుబారుతుంది, వాసన పోయింది కాబట్టి గ్యాస్ పోయిందనుకుని లోపలికి దిగినవాళ్ళు చనిపోతారు. మ్యాన్‌హోల్, సెప్టిక్ ట్యాంక్ లాంటి చోట ముక్కుని నమ్మకూడదు, మీటర్‌ని నమ్మాలి.

తీగ గుండా పైకి

సీలియాలో లోపలి మైనస్ బాగా తగ్గాక ఆ మార్పు కణం ఒంట్లోకి పాకి, వోల్టేజ్‌కి తెరుచుకునే సోడియం ఛానళ్ళని లేపుతుంది, స్పైకులు పుట్టి ఆక్సాన్ గుండా బల్బ్‌కి పోతాయి. ఇది మామూలు న్యూరాన్ల కథే, ఎక్కువ చెప్పను. కానీ ఒక ఛానల్ దగ్గర మాత్రం తప్పక ఆగాలి, దాని పేరు ఎన్‌ఏవీ1.7, అదీ ఇలాంటి సోడియం ఛానలే.

పుట్టుకతోనే నొప్పి అస్సలు తెలియని మనుషులు చాలా అరుదుగా ఉంటారు, వాళ్ళలో కొందరికి ఎన్‌ఏవీ1.7 తయారుచేసే ఎస్‌సీఎన్9ఏ జన్యువు పనిచేయదు. 2011లో ఇలాంటివాళ్ళకి వాసన పరీక్ష చేస్తే వాళ్ళకి వాసన కూడా తెలియడం లేదని బయటపడింది, పుట్టినప్పటి నుంచీ అంతే కాబట్టి లోటు ఉందని ముందు వాళ్ళకే తెలియకపోవచ్చు. చిట్టెలుకల్లో వాసన న్యూరాన్ల నుంచి ఈ ఛానల్ తీసేస్తే ఇంకా వింత: రిసెప్టర్ బాగుంది, సీఎన్‌జీ బాగుంది, కణంలో స్పైకులు కూడా పుడుతున్నాయి, కానీ తీగ చివర గ్లుటమేట్ అనే కబురు రసాయనం విడుదల కావడం లేదు, కాబట్టి తర్వాతి న్యూరాన్‌కి కబురే అందడం లేదు. ఉత్తరం రాశారు, కవర్లో పెట్టారు, పోస్ట్ డబ్బాలో మాత్రం పడలేదు. ముక్కు దగ్గర అన్నీ సరిగ్గా ఉండి చివరి అడుగులో ఒక్క ఛానల్ లేక వాసన పోవడం అంటే ఇదే, ఛానళ్ళు ఎందుకు చదవాలి అని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ ఉదాహరణే చెప్తాను.

బల్బ్‌లోకి చేరాక కూడా ఛానళ్ళ ఆట ఆగదు. కేవీ1.3 అనే పొటాషియం ఛానల్ లేని చిట్టెలుకలు మామూలు వాటికంటే చాలా పలచటి వాసనల్ని కూడా పట్టేశాయని 2004లో చూపించారు. ఒక తలుపు తీసేస్తే శక్తి పోవడమే కాదు, కొన్నిసార్లు పెరుగుతుంది కూడా.

ఇది వాసనా, ముక్కుకి తగిలిన చురుకా?

ఇది నేర్చుకునేవాళ్ళు తరచూ కలిపేసే ఇంకో సంగతి. పుదీనా చల్లదనం, మిరప ఘాటు, ఆవాల కారం ముక్కులోకి ఎక్కడం, ఇవి వాసన న్యూరాన్ల పని కాదు, ముఖానికి స్పర్శ ఇచ్చే ట్రైజెమినల్ నరానిది. అక్కడి ఛానళ్ళు వేరు: మెంథాల్‌కీ చలికీ టీఆర్‌పీఎం8, మిరపలోని క్యాప్సైసిన్‌కీ వేడికీ టీఆర్‌పీవీ1, ఆవ నూనె ఘాటుకి టీఆర్‌పీఏ1. వీటిలో అణువు నేరుగా ఛానల్‌నే తెరుస్తుంది, మధ్యలో సైక్లిక్ ఏఎంపీ లాంటి మధ్యవర్తులెవరూ లేరు, అంటే ఇక్కడ బెల్లూ తలుపూ ఒకటే. టీఆర్‌పీవీ1ని 1997లో కనుక్కున్న బృందానికి నాయకుడు డేవిడ్ జూలియస్, ఆయనకీ ఆర్డెమ్ పటపూటియన్‌కీ కలిపి 2021లో నోబెల్ ఇచ్చారు.

దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కళ్ళు మూసుకుని కూర్చోండి, ఇంకొకరు మీకు చెప్పకుండా ఒక ముక్కు రంధ్రం దగ్గర వెనిలా లాంటి మెత్తటి వాసన సీసా పెట్టాలి, రెండో రంధ్రం దగ్గర ఏ వాసనా లేని అలాంటి సీసా పెట్టాలి. వాసన ఏ వైపు నుంచి వచ్చిందో చెప్పండి, కనీసం పదిసార్లు చేసి రాసుకోండి. తర్వాత అదే మెంథాల్ ఉన్న బామ్‌తో చేయండి. వెనిలాతో చాలామందికి వైపు చెప్పడం దాదాపు బొమ్మా బొరుసూ లాగే ఉంటుంది, మెంథాల్‌తో మాత్రం ఠక్కున చెప్పేస్తారు, ఎందుకంటే వైపు చెప్తున్నది టీఆర్‌పీఎం8 ఉన్న స్పర్శ నరం. బామ్‌ని దూరంగా పట్టుకోండి, రంధ్రంలో పూయొద్దు, కళ్ళకి తగలనివ్వొద్దు.

అందుకే జలుబు తర్వాత వాసన పోయిందో లేదో చూసుకోవడానికి బామ్ వాసన చూడటం మంచి పద్ధతి కాదు, వాసన మొత్తం పోయినా బామ్ చల్లదనం తెలుస్తుంది, బాగానే ఉందని పొరబడతారు. కాఫీ, లవంగం, నిమ్మ తొక్క లాంటి వేరువేరు వాటితో కళ్ళు మూసుకుని పేరు చెప్పించుకుని చూడండి. కోవిడ్‌లో వాసన పోయిన చాలామందిలో వైరస్ ముందు పట్టుకున్నది న్యూరాన్లని కాదు, వాటి పక్కన ఆసరాగా ఉండే కణాలని, ఎందుకంటే వైరస్ కణంలోకి దూరడానికి కావాల్సిన ఏసీఈ2 అనే ప్రోటీన్ ఆ కణాల మీదే ఉంది. ఆసరా పోయేసరికి న్యూరాన్లలో రిసెప్టర్లు, అడెనైలిల్ సైక్లేజ్ 3 తయారీ కూడా తగ్గిపోయాయి, అంటే తలుపు ఉన్నా బెల్లూ తాళంచెవీ కరువయ్యాయి అన్నమాట. ఇలా పోయినవాళ్ళకి గులాబీ, యూకలిప్టస్, నిమ్మ, లవంగం, ఈ నాలుగు వాసనల్ని రోజుకి రెండు పూటలా, ఒక్కోటి పది సెకన్లు, 12 వారాలు పీల్చే శిక్షణని థామస్ హమ్మెల్ బృందం 2009లో ప్రచురించింది, ఖర్చు తక్కువ, నష్టం లేదు, ఓపిక కావాలి. ఉన్నట్టుండి వాసన పోయి జలుబు కూడా లేకపోతే, లేదా తలకి దెబ్బ తగిలాక పోతే మాత్రం శిక్షణ అంటూ కూర్చోకుండా చెవి ముక్కు గొంతు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

దోమ దగ్గర మొత్తం లెక్క మారుతుంది

ఇప్పటిదాకా రిసెప్టర్ తలుపు కాదు అని పదేపదే చెప్పాను కదా, పురుగుల్లో అది తలుపే. దోమల్లో, ఈగల్లో ఒక్కో వాసన రిసెప్టర్ ఓర్కో అనే తోడు ప్రోటీన్‌తో కలిసి నాలుగు ముక్కల ఛానల్ అవుతుంది, వాసన అణువు అతుక్కోగానే నేరుగా రంధ్రం తెరుచుకుని ప్లస్ అయాన్లు లోపలికి వస్తాయి. ఇది 2008లో రెండు బృందాలు విడివిడిగా చూపించాయి, 2018లో ఓర్కో ఆకారం, 2024లో దోమ ఛానల్ ఆకారం బయటికొచ్చాయి, అందులో మూడు ఓర్కో ముక్కలకి ఒక రిసెప్టర్ ముక్క ఉంది. ఓర్కో మన ఒంట్లో లేదు, కాబట్టి దాన్ని అడ్డుకునే మందు దొరికితే దోమ మనిషి వాసన పట్టడం తగ్గించొచ్చని చాలామంది పని చేస్తున్నారు.

ఇప్పుడు బొమ్మ తిరగేసి పెట్టండి, ఇంకో ఖాళీ కాగితం మీద ఏమీ చూడకుండా మళ్ళీ గీయండి. మధ్యలో ఆగిపోతే ఈ ప్రశ్నలు మిమ్మల్ని మీరే అడగండి: సైక్లిక్ ఏఎంపీ పెరిగింది గానీ సీఎన్‌జీ లేదు, అప్పుడు లోపలి వోల్టేజ్ ఎంత? మైనస్ 65 దగ్గరే ఉండాలి, ఏదో కొంచెం మారుతుందేమో అని రాస్తే మొదటి తలుపు దగ్గరికి వెనక్కి వెళ్ళండి. ఎన్‌కేసీసీ1ని మందుతో ఆపేసి చాలాసేపు ఉంచాం, అప్పుడు వాసన ఇస్తే కరెంట్ ఏమవుతుంది? లోపలి క్లోరైడ్ నిలవ తరిగిపోతుంది కాబట్టి లావు బాణం సన్నబడుతుంది, సీఎన్‌జీ బాణాలు మాత్రం అలాగే ఉంటాయి. జిగురులో కాల్షియం తీసేస్తే? సీఎన్‌జీ గుండా సోడియం వస్తుంది, కానీ రెండో తలుపుకి తాళంచెవి దొరకదు. ఈ మూడో జవాబు ఎవరూ చెప్పకుండా మీ బొమ్మ చూసే చెప్పగలిగారంటే, ఆ క్లోరైడ్ బాణం ఇక మీ చేతిలోంచి జారదు.